రోహిణి భయం పోయింది

మనుషులు సంతోషం కోసం పడే పాట్లంటే నాకు మొదట్నుంచీ చిన్నచూపు. నా ఉద్యోగానికి అది బాగా పనికొచ్చింది.

విశాఖపట్నంలో భీమిలి వెళ్ళే రోడ్డు పక్కన, సముద్రానికి వీపు తిప్పి కట్టిన మూడంతస్తుల మేడ మా స్వభావ పరిశోధన కేంద్రం. అలలు కనపడితే మనుషుల మనసు కుదుటపడి రీడింగులు మారిపోతాయని ఆ వైపు కిటికీలే పెట్టలేదు. అక్కడ పదకొండేళ్ళు పనిచేశాను. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఒకే ఒక్క ప్రశ్న అడిగి జవాబు రాసుకోవడం నా పని.

"మీరు సంతోషం కోసం ఏం చేస్తారు?"

ఆ జవాబులు వింటూ నవ్వాపుకోవడం కష్టమయ్యేది. గాజువాక కాంట్రాక్టరు ఒకాయన ఏడాదికి మూడు కొత్త దేశాలు చూడకపోతే ఊపిరాడదన్నాడు. చూసిన దేశాల పేర్లు అడిగితే సగం మర్చిపోయాడు. ఒక బ్యాంకు ఆఫీసరమ్మ ఇల్లు సర్దుతానంది. సర్దిన ఇల్లే మళ్ళీ సర్దుతుందట. పెందుర్తి నుంచి వచ్చిన కోరాడ సూర్యప్రకాశం అయితే పక్కింటివాడి మీద గోడ కేసు వేసి పంతొమ్మిదేళ్ళయిందని ఛాతీ విరుచుకుని చెప్పాడు. "వాడి పిటిషను కొట్టేసిన రోజు ఇంట్లో పరమాన్నం వండించానండి" అన్నాడు. ఆ ముక్క చెబుతున్నప్పుడు అతని మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోయింది.

నాకు అంతకంటే తమాషా అయినది ఇంకొకటుంది. నేను ప్రశ్న అడగకముందే జవాబు మా దగ్గర కవరులో సిద్ధంగా ఉండేది.

మా డైరెక్టరు డాక్టర్ బెహరా త్రినాథ్ కనిపెట్టిన పరీక్ష అది. మనిషి తలకి ఒక టోపీ తొడిగి చీకటిగదిలో కూర్చోబెడతారు. గంట మోగుతుంది. ఒకసారి వేలికి చిన్న సూది గుచ్చుకుంటుంది, ఒకసారి నోట్లో తీపి చుక్క పడుతుంది, ఒకసారి ఏమీ జరగదు. గంట మోగినప్పటి నుంచి ఏదో ఒకటి జరిగేదాకా మెదడు ఏ వైపు ఉరుకుతుందో టోపీ పసిగడుతుంది. చివర్లో నాలుగు అంకెలు వస్తాయి. భయం, ఆశ, కోపం, నింపాది. ఒక్కోటీ నూటికి ఇంత అని. ఆ నాలుగంకెలూ చూసి, ఫలానా మనిషి సంతోషాన్ని ఫలానా దారిలో వెతుక్కుంటాడని త్రినాథ్ గారి కంప్యూటరు రాసేది. పదిమందిలో తొమ్మిదిమందికి సరిపోయేది. సూర్యప్రకాశం కవరులో 'ఎవరినో ఓడిస్తూ ఉంటాడు' అని ఉంది.

ఎవరి దారి వాళ్ళు ఎంచుకున్నామని మనుషుల నమ్మకం. దాని కోసం తత్వాలు చెబుతారు, కొట్టుకుంటారు, పిల్లలకి నీతులు చెబుతారు. తీరా చూస్తే పుట్టుకతో వచ్చిన నాలుగంకెలు వాళ్ళని ముకుతాడు వేసి లాక్కెళుతున్నాయి. కవరు తెరిచిన ప్రతిసారీ నాకు ఒళ్ళంతా హాయిగా ఉండేది.

ఆ తర్వాత త్రినాథ్ గారు అంకెల్ని మార్చే మందు కూడా తయారుచేశారు. దాని పేరు 'సమం'. పొద్దున్నే ముక్కులో రెండేసి చుక్కలు వేసుకోవాలి. తొంభై రోజులు పూర్తిగా వాడితే మారిన స్వభావం అలాగే నిలిచిపోతుంది. ఈలోగా మానేస్తే రెండు మూడు వారాల్లో పాత మనిషి తిరిగొస్తాడు.

సూర్యప్రకాశానికి నలభై రోజులు వాడేసరికి కోపం డెబ్భై ఎనిమిది నుంచి పద్నాలుగుకి దిగింది. కేసు ఉపసంహరించుకున్నాడు. పక్కింటి పైపు కోసం ఆ గోడకి తనే కన్నం పెట్టించాడట.

"ఇప్పుడు సంతోషం కోసం ఏం చేస్తున్నారు?" అని అడిగాను.

"మొక్కలకి నీళ్ళు పోస్తానండి. మధ్యాహ్నం పడుకుంటాను. బాగుంది."

పంతొమ్మిదేళ్ళు పరువనీ, న్యాయమనీ ఊగిపోయిన మనిషి. అంతా రెండు చుక్కలకి కొట్టుకుపోయింది. కూడా వచ్చిన అతని భార్య గుమ్మం దగ్గర ఆగి నాతో అంది: "మంచిదే గానమ్మా, ఇంట్లో ఎవరో కొత్తాయన ఉన్నట్టుంది." ఆమె మాట నేను ఫారంలో రాయలేదు. ఆమెని ఎవరూ పరీక్షలో చేర్చుకోలేదు కదా.

మా చెల్లెలు రోహిణిని మాత్రం నేనే చేర్చాను.

రోహిణి నాకంటే అయిదేళ్ళు చిన్న. విజయనగరంలో ఒక ప్రైవేటు డయాలసిస్ సెంటర్లో టెక్నీషియను. దానంత పిరికిదాన్ని నేను చూడలేదు. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చి తాళం లాగి చూస్తుంది. దాని మొగుడు ఈశ్వర్ ఆర్టీసీలో కండక్టరు. బస్సు డిపో చేరిందాకా దానికి అన్నం దిగదు. శ్రీకాకుళం హాస్టల్లో ఉన్న కూతురు లాస్యకి రోజుకి నాలుగు ఫోన్లు. నేను విశాఖ నుంచి వచ్చి వెళితే, నేను ఇల్లు చేరకముందే ఫోను మోగుతుంది. "అక్కా, చేరిపోయావా?"

"చేరకపోతే ఎత్తనుగా! ఎత్తానంటే చేరినట్టే" అని విసుక్కునేదాన్ని.

ఉద్యోగంలోనూ అదే తంతు. డయాలసిస్ మెషీన్లకి వెళ్ళే నీళ్ళలో క్లోరిన్ ఉండకూడదు. మున్సిపాలిటీ నీళ్ళలో క్లోరిన్‌ని బొగ్గు ఫిల్టరు లాగేస్తుంది. లాగిందో లేదో రోజూ పేషెంట్లని ఎక్కించకముందు చూడాలి. గాజుగొట్టంలో కాసిని నీళ్ళు పట్టి మందు కలిపితే, క్లోరిన్ ఉంటే గులాబీ రంగు వస్తుంది, లేకపోతే తెల్లగానే ఉంటుంది. అందరూ ఒక్కసారి చూసే ఆ పరీక్షని రోహిణి మూడుసార్లు చేసేది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా గులాబీ రంగు రాలేదని తనే చెప్పింది. సెంటర్లో అందరూ నవ్వుకునేవారు. నాకు నవ్వు కూడా వచ్చేది కాదు. నా రక్తం పంచుకు పుట్టిన మనిషి ఇంత అల్పంగా బతుకుతోందేమిటని రోత పుట్టేది.

ఒక ఆదివారం వాళ్ళింట్లో కూర్చుని దాన్ని కూడా అడిగాను, అందరినీ అడిగే ప్రశ్నే.

అది చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆలోచించింది. "ఆయన వచ్చీసి, లాస్య హాస్టల్ చేరీసి, నీ ఫోను కూడా వచ్చీసాక ఒక పావుగంట బాగుంటుందక్కా. అందరూ ఉన్నారని. తర్వాత రేపటి గురించి మొదలవుద్ది."

"పావుగంటా? రోజు మొత్తానికి?"

"చాలు కదా" అంది.

నా జాలి కూడా తిరస్కారంలాగే ఉంటుందని మా అమ్మ అనేది. ఆ పావుగంట మాట విన్నాక దాన్ని బాగుచెయ్యాలని పట్టుపట్టాను. అది ఒప్పుకోలేదు. "ఇలగే అలవాటైపోయింది నాకు" అంది. నేను వదల్లేదు. నాలుగు వారాలు వరసగా సాధించాను. చివరికి "సరే అక్కా, నన్ను చూస్తే నీకు చిరాకు తగ్గుద్దంటే వేసుకుంటాను" అంది. ఆ మాటకి నేను సిగ్గుపడాల్సింది. సంతకం చెయ్యమని ఫారం ముందు పెట్టాను.

సిబ్బంది బంధువుల్ని పరీక్షలో చేర్చకూడదని నిబంధన ఉంది. దాని ఇంటిపేరు మొగుడిది కాబట్టి ఎవరికీ తెలియలేదు. నిబంధన ఇంకొకటుంది. ఇతరుల ప్రాణాలు చేతిలో ఉండే పని చేసేవాళ్ళకి ఈ మందు ఇవ్వకూడదు. 'వృత్తి' అన్న చోట 'గృహిణి' అని నేనే నింపాను.

టోపీ పెట్టినప్పుడు దాని భయం తొంభై ఒకటి వచ్చింది. మా పరీక్షలో అంతకుముందు ఎవరికీ రానంత. త్రినాథ్ గారు ఆ అంకె చూసి లడ్డూ చూసిన పిల్లాడిలా మురిసిపోయారు. మనసు గురించి నలభై వ్యాసాలు రాసిన ఆ మహానుభావుడు ఎదుటి మనిషి మొహం చూడగా నేనెన్నడూ చూడలేదు. తెర వైపే చూస్తూ, "ఈమెని జాగ్రత్తగా చూసుకో వినీలా, మనకి మంచి కేసు" అన్నారు.

నెల తిరిగేసరికి రోహిణి మారిపోయింది. తాళం ఒక్కసారే వేసేది. ఫోన్లు ఆగిపోయాయి. నిండా నిద్రపోయి, బుగ్గలు తేరుకుని, పదేళ్ళు చిన్నదానిలా తయారైంది. నేను తిరిగి బయల్దేరితే గుమ్మం దాకా వచ్చి, "మంచిదక్కా" అని లోపలికి వెళ్ళిపోయేది. ఒకసారి బస్సు చెడిపోయి ఇంటికి మూడు గంటలు ఆలస్యంగా చేరాను. ఫోను రాలేదు. కాసేపు ఫోను వైపే చూశాను. నేను కోరుకున్నది ఇదే కదా అని గర్వపడి, స్నానానికి లేచాను.

డెబ్భై ఒకటో రోజు అది రీడింగు కోసం మా దగ్గరికి రావలసిన రోజు. మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. ఉతికిన చీర, తలలో కనకాంబరాలు. టోపీ పెట్టించుకుని, బయటికొచ్చి నా ఎదుటి కుర్చీలో కూర్చుంది. కాగితం చూశాను. భయం పదకొండు. నింపాది ఎనభై తొమ్మిది.

"సంతోషం కోసం ఇప్పుడు ఏం చేస్తున్నావు?" అని నవ్వుతూ అడిగాను.

"ఏటీ చెయ్యక్కర్లేదక్కా. బాగానే ఉంది."

రాసుకున్నాను. తర్వాత గుర్తొచ్చి, "ఇవాళ డ్యూటీ లేదా?" అన్నాను.

"పొద్దున్న ఉంది. తొందరగా పంపించీసారు. ఎనిమిదిన్నరకి సన్యాసిరావు మాస్టారు పోయారు. ఇంకో ముగ్గుర్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు."

సన్యాసిరావు మాస్టారి గురించి నాకు తెలుసు. రిటైరైన లెక్కల మాస్టారు. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్‌కి వచ్చేవారు. ఎక్కే మెషీను ఎప్పుడూ ఒకటే.

"ఎలా పోయారు?"

"నీళ్ళలో క్లోరిన్ వచ్చింది. రక్తం విరిగిపోయింది. వానలకి నీళ్ళు పాడయ్యాయని మున్సిపాలిటీ వాళ్ళు మందు ఎక్కువ కలిపారంట. నిన్న ఆటోలో మైకు పెట్టి చెప్పారు కూడా."

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

"మరి పొద్దున్న చూడలేదా?"

"చూడలేదు. రోజూ బాగానే ఉంటుంది కదా, ఇవాళా బాగానే ఉంటుందనుకున్నాను." పైట సవరించుకుంది. "పాపం, మంచాయన. అక్కా, కింద క్యాంటీన్లో ఉప్మా ఉంటుందా? పొద్దుట్నుంచి ఏం తినలేదు."

కలం కింద పెట్టాను. దాని మొహంలో ఎక్కడైనా దాచుకున్న ఏడుపు ఉందేమోనని వెతికాను. ఏమీ లేదు. ఉప్మా ఉందో లేదో నేను చెప్పాలని ఎదురుచూస్తోంది.

దాన్ని క్యాంటీన్లో కూర్చోబెట్టి పైకి పరిగెత్తాను. త్రినాథ్ గారికి అంతా చెప్పాను, రోహిణి నా చెల్లెలని, వృత్తి దగ్గర నేను అబద్ధం రాశానని కూడా. ఆయన తల తిప్పకుండా విన్నారు. రోహిణి రీడింగు తెర మీద తెరిచారు.

"మనిషి చనిపోయింది ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నర ప్రాంతంలో."

"అంటే అయిదున్నర గంటలు. అయినా భయం పదకొండే." ఆయన గొంతులో పరవశం. "ఇంత బలమైన రుజువు మనకి ఇంతవరకూ దొరకలేదు వినీలా."

"మనిషి పోయాడండీ!"

"ఫిల్టరు పాడై పోయాడు. ఫిల్టరుకి మనం మందివ్వలేదు. నాలుగు నెలల్లో ఇది బజార్లోకి వెళ్ళాలి. నువ్వు రాసిన అబద్ధం నువ్వు దాచుకో, నేనూ దాస్తాను."

అసహ్యంగా ఆయన వైపు చూశాను. ఏదో గట్టిగా అనబోయాను. ఆయన అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూశారు.

"అలా చూడకు. నువ్వు చేరినప్పుడు నీక్కూడా టోపీ పెట్టాం, మర్చిపోయావా? నీ నాలుగంకెలూ మామూలే. నీ కవరులో ఏం రాసి వచ్చిందో చెప్పనా? 'ఇతరులను తక్కువగా చూస్తూ సంతోషపడుతుంది.' అందుకే నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ పని నీ అంత ఇష్టంగా ఇంకెవరూ చెయ్యరు."

మెట్లు దిగి క్యాంటీన్ వైపు నడిచాను. ఆయన్ని నీచుడనుకోవడం నాకు తేలికే. కాని గృహిణి అని రాసింది నా చెయ్యి. రోహిణిని నాలుగు వారాలు సాధించింది నా నోరు.

అయిదు రోజుల తర్వాత ఈశ్వర్ ఫోను చేశాడు. "వదినా, ఓసారి రండి. మీ చెల్లెలు ఏడవట్లేదు."

"ఏమంటోంది?"

"ఏటీ అన్లేదు. ఎంక్వయిరీకి వచ్చినోళ్ళకి, అవునండి నాను చూడ్లేదు అని నవ్వుతూ చెప్పీసింది. ఉద్యోగం తీసీసారు. ఇంటికొచ్చి ములక్కాడ పులుసు వండింది. మాస్టారి భార్య వీధిలో నిలబడి తిట్టి పోయింది, ఇది కిటికీలోంచి చూసి, పాపం ఎండలో వచ్చిందండీ అంది." గొంతు తగ్గించాడు. "ఇన్నాళ్ళూ మా ఇంట్లో భయపడడం ఆవిడ పని. ఇప్పుడు నాకు భయమేస్తంది వదినా. రాత్రి దాని పక్కన పడుకోడానికి భయమేస్తంది."

ఆ సాయంత్రమే వెళ్ళాను. రోహిణి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. చెంబులో బట్టల క్లిప్పులు పెట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. మందు గురించి దాచకుండా చెప్పాను. ఇంకో పద్నాలుగు రోజులు వేసుకుంటే ఇలాగే ఉండిపోతావని, ఇప్పుడు మానేస్తే పాత రోహిణి వస్తుందని, వచ్చాక మాస్టారి సంగతి తట్టుకోలేవని చెప్పాను.

"మానెయ్యమంటావా?" అంది.

"నీ ఇష్టం."

"నాకేదైనా బాగానే ఉంటుందక్కా. వేసుకున్నా బాగానే ఉంటుంది, మానేసినా ఇప్పటికి బాగానే ఉంటుంది. నువ్వే చెప్పు."

ఈసారి నేను చెప్పకూడదనుకున్నాను. చెప్పి చేసిందంతా చాలు. "నేను చెప్పను" అన్నాను.

అది తడి తువ్వాలు దులిపి తీగ మీద వేసింది. లెక్క చూసుకుంటున్నట్టు నుదురు ముడిచింది. "నాను వెనకటి లాగుంటే, ఆ పొద్దున్న నీళ్ళు చూద్దునా?"

"మైకు వినగానే వెళ్ళి చూసేదానివి. నాలుగుసార్లు చూసేదానివి."

"మాస్టారు ఉందురు."

"ఉండేవారు."

తీగ మీద తువ్వాలు సరిచేసింది. ఆ మొహంలో బాధ లేదు, భయం లేదు. కాని తెలివి ఉంది. తొంభై ఒకటి వచ్చినప్పుడూ ఉంది, పదకొండు వచ్చినప్పుడూ ఉంది. నేనెప్పుడూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

"అయితే ఆ పాత ఆవిణ్ణే రమ్మందాం" అంది.

లోపలికెళ్ళి సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

నేను సెలవు పెట్టి వాళ్ళింట్లోనే ఉన్నాను. మొదటి వారం ఏమీ జరగలేదు. అది పాటలు పాడుకుంటూ ఇడ్లీలు వేసింది. తొమ్మిదో రోజు ఈశ్వర్ డ్యూటీకి వెళుతుంటే "జాగ్రత్త" అంది. అతను గుమ్మంలో ఆగి నా వైపు చూశాడు. పన్నెండో రోజు గ్యాసు కట్టానో లేదోనని రెండుసార్లు లేచింది. పద్నాలుగో రోజు లాస్యకి ఫోను చేసింది, మళ్ళీ చేసింది.

పదహారో రోజు మధ్యాహ్నం కుళాయి దగ్గర బిందె పెట్టి, నీళ్ళు నిండి పొర్లిపోతున్నా కట్టకుండా నిలబడిపోయింది. నేను వెళ్ళి కట్టాను. అది నీళ్ళ వైపే చూస్తోంది.

"అక్కా, ఆయన అడిగారు."

"ఎవరు?"

"మాస్టారు. రోజూ అడుగుతారు. 'చూసేవా తల్లీ?' అంటారు. చూసేను మాస్టారూ అంటే అప్పుడు చెయ్యి చాపుతారు, సూదికి. ఎవరు నవ్వినా ఆయన నవ్వలేదక్కా, ఒక్కసారి కూడా. ఆ రోజు కూడా అడిగారు."

"నువ్వేమన్నావు?"

"బాగానే ఉంటుంది మాస్టారూ అన్నాను. ఆయన చెయ్యి చాపీసారు."

అప్పుడు విరుచుకుపడింది. బిందె మీద పడి, తడి నేల మీద పడి, గుండెలు బాదుకుని అరిచింది. ఇరుగుపొరుగు వచ్చారు. దాన్ని పట్టుకోవడానికి ఇద్దరం సరిపోలేదు. మూడు రోజులు గంజి కూడా దిగలేదు. ఈశ్వర్ దాని కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తూనే, "వచ్చింది వదినా, మా ఆవిడ వచ్చింది" అన్నాడు. నా జన్మలో అంత ఘోరమైన సంతోషాన్ని చూడలేదు.

నాలుగో రోజు నేను కూర్చుని అంతా రాశాను. నా అబద్ధం, డెబ్భై ఒకటో రోజు రీడింగు, త్రినాథ్ గారి మాటలు, సూర్యప్రకాశం భార్య చెప్పిన మాట, ఏదీ వదల్లేదు. మరణంపై విచారణ జరుపుతున్న అధికారికి ఒకటి, మందుల అనుమతులిచ్చే వాళ్ళకి ఒకటి పంపాను. నన్ను ఉద్యోగం నుంచి తీసేశారు, కేసు పెట్టారు. అది నాకు రావలసిందే. పరీక్ష ఆపించారు. మందు తాళం వేసిన గదిలోకి వెళ్ళింది. త్రినాథ్ గారు మాత్రం ఆర్నెల్లు తిరక్కుండా ఇంకో రాష్ట్రంలో ఇంకో మేడలో కూర్చున్నారని విన్నాను. పరీక్ష కోసం ఇచ్చిన మందు సీసాలు దాచుకుని, తొంభై రోజులూ పూర్తి చేసుకున్నవాళ్ళు ముప్ఫైమంది పైనే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. చెయ్యరు. వాళ్ళకి బాగానే ఉంది.

రోహిణి మీద కూడా కేసు ఉంది. తన తప్పు ఒప్పుకుంటూనే ఉంది. మందు వల్లనని లాయరు చెప్పమంటే, "చూడాల్సింది నాను, చూడ్లేదు నాను" అంటుంది. ఆ పనిలోకి ఇంక వెళ్ళనంది. కాని మాస్టారింటికి వెళ్ళాలంది. ఈశ్వర్ వద్దన్నాడు, కొడతారన్నాడు. "కొట్టనీ" అంది.

ఒక పొద్దున్న పదింటికి ఇద్దరం వెళ్ళాం. పెంకుటిల్లు, ముందు రెండు మెట్లు. మాస్టారి భార్య ఆదెమ్మ గారు చేటలో బియ్యం ఏరుతోంది. డెబ్భై దాటిన మనిషి. రోహిణిని చూసి చేట పక్కన పెట్టింది. రోహిణి కింద మెట్టు మీదే కూలబడి ఏడ్చింది.

"ఇప్పుడా?" అంది ఆదెమ్మ గారు. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావే? నాను మీ వీధిలో గొంతు పగిలేలా అరిస్తే కిటికీలోంచి చుట్టాన్ని చూసినట్టు చూసేవు. ఇప్పుడేడుపొచ్చిందా?"

రోహిణి పైట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను ముందుకి వెళ్ళి చెప్పాను. అది వద్దన్నా మందు వేయించింది నేనేనని, ఆ మందే దాని భయాన్ని తీసేసిందని, దాని తప్పులో పెద్ద వాటా నాదని చెప్పాను. పదకొండేళ్ళు వచ్చినవాళ్ళందరికీ పరిశోధన గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పినదాన్ని, ఆ నాలుగు మాటలకీ నాలుక తడబడింది.

ఆవిడ ఓపిగ్గా విన్నది. "దానికేటి రోగం? మందు ఎందుకేయించేవు?"

అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. "రోగం లేదండి. తన భయం చూస్తే నాకు చిరాకుగా ఉండేది."

"చిరాకు" అంది ఆవిడ.

తిట్టలేదు. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. గుమ్మంలోకి పారిన మురుగునీళ్ళని చూసినట్టు చూసి, కాలు పక్కకి పెట్టుకుని, రోహిణి వైపు తిరిగింది.

"నువ్వు లోపలికి రా. ఆ రోజు పొద్దున్న ఆయన నీకాడకి వచ్చిన కాణ్ణుంచి ఏం మాట్లాడేరో, ఏం అడిగేరో, ఒక్క ముక్క వదలకుండా నాకు చెప్పాలి. నాను ఇంట్లోనే ఉండిపోయేను. నాకెవరూ చెప్పలేదు. ఏడుస్తూ చెప్తావో ఎలగ చెప్తావో, నాకు చెప్పాలి."

రోహిణి లేచింది. దాని చెయ్యి పట్టుకుని నేను కూడా మెట్టెక్కబోయాను.

"నువ్వక్కడే ఉండు" అంది ఆదెమ్మ గారు, నా వైపు చూడకుండా.

తలుపు ఓరగా వేశారు. నేను ఎండలో నిలబడ్డాను. ఎదురింటాయన ఎవరు కావాలని అడిగాడు. ఎవరూ వద్దండి అన్నాను. లోపల చాలాసేపు ఏడుపే వినపడింది. తర్వాత గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడు. తర్వాత రోహిణి గొంతు, బొంగురుపోయి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ:

"ఆరుంపావుకి వచ్చారమ్మా. వాన పడుతోంది. గొడుగు మూల పెట్టీసి, పంచె తడిసిందని నవ్వేరు..."